నాడి, మందు, మోతాదు

రేడియో కేంద్రములో ఉద్యోగము చేయువారికి కాలము విషయమున ఒక విధమైన భయభక్తులు ఏర్పడును. వార్తలు ఒక్క నిమిషము ఆలస్యమైనచో శ్రోతలు ఊరకుండరు. కచేరి సాగుచుండగా మృదంగము లయ తప్పినచో సంగీతశాస్త్రము చదువని వారు సైతము తలయెత్తి చూతురు. అట్టి మేము, మా యెదలోనే రేయింబవళ్లు మ్రోగుచున్న మృదంగమును గూర్చి చిరకాలము ఆలోచింపనేలేదు. మా యింట ఒక పెద్దావిడకు ఆ లయ తప్పిన పిమ్మటనే మాకు దాని సంగతి పట్టినది.

మేము వైద్యులము కాము. వైద్యులు చెప్పినది విని, గ్రంథములు చదివి, ఇంటిలో చూచినది చూచి, అందులో గృహస్థులకు అక్కరకు వచ్చు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మా పెద్దమ్మకు అరువది యెనిమిదవ యేట ఆయాసము మొదలయ్యెను. “గుండెలో పిచ్చుక రెక్కలు కొట్టుకున్నట్టుంది నాయనా” అని ఆమె చెప్పెడిది. వైద్యుడు నాడి చూచి, ఇ.సి.జి. తీయించి, ఇది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అను వ్యాధి యని చెప్పెను. గుండె పై గదులు సక్రమముగా ముడుచుకొనుటకు బదులు నిరంతరము వణకుచుండుట దీని లక్షణము. డిజాక్సిన్ అను చిన్న తెల్లని మాత్ర వారమునకు ఐదు దినములు వేసికొమ్మని, శని ఆదివారములు మానుమని ఆయన వ్రాసియిచ్చెను. దానితోపాటు ఒంటినీరు తీయుటకు వేరొక మాత్ర. నెల తిరుగకముందే పెద్దమ్మ పెరటిలో పూలు కోసికొనసాగినది.

ఇంతలో సంక్రాంతి వచ్చెను. ఇంటినిండ బంధువులు. అరిసెల పొయ్యి దగ్గర నిలబడి నిలబడి ఆమెకు నీరసము కలిగెను. మాత్ర బలము చాలదేమో యని తలచి, ఎవరికిని చెప్పకుండ దినమునకు రెండేసి చొప్పున, శని ఆదివారములు సైతము విడువక వేసికొనెను. పది దినములకు అన్నము సహింపలేదు. వాంతులు మొదలయ్యెను. పండుగకు సున్నము కొట్టించిన తెల్లని గోడను చూచి “ఒరే, గోడంతా పసుపు పూసినట్టుందేమిరా?” అని యడిగినది. మేము నవ్వితిమి. పండుగ పసుపు పెద్దమ్మ కన్నులకు ఎక్కినదని పరిహాసమాడితిమి. ఆ నవ్వు తలచుకొన్నప్పుడెల్ల నేటికిని మాకు సిగ్గు కలుగును. మరునాటి యుదయము ఆమె స్నానాలగదిలో తూలిపడెను. ఆసుపత్రిలో వైద్యుడు నాడి లెక్కించగా నిమిషమునకు నలుబది కంటె తక్కువ యున్నది. మాత్ర వెంటనే మాన్పించిరి. నాలుగు దినములు ఆమెను యంత్రము ముందుంచి కనిపెట్టిరి. దైవానుగ్రహము వలన, వైద్యుల శ్రద్ధ వలన ఆమె ఇల్లు చేరినది.

అసలు గుండె లయ యనగా నేమి? ఆరోగ్యవంతుని గుండె విశ్రాంతి సమయమున నిమిషమునకు 60 మొదలు 100 వరకు కొట్టుకొనును. నిమిషమునకు 70 చొప్పున లెక్కవేసినచో దినమునకు లక్ష పైచిలుకు దెబ్బలు. ఈ దెబ్బకు ఆజ్ఞనిచ్చు చిన్న కణసముదాయము గుండె కుడిభాగపు పై గదిలో కలదు. దీనిని 1907లో కీత్, ఫ్లాక్ అను ఇద్దరు బ్రిటిష్ శాస్త్రజ్ఞులు గుర్తించిరి. అచ్చట పుట్టిన విద్యుత్ స్పందన పై గదుల మీదుగా మధ్యనున్న ఒక ద్వారమును చేరి, క్షణకాలము ఆగి, క్రింది గదులకు దిగును. ఆ ద్వారమును 1906లో జపాను దేశీయుడు తవారా వర్ణించెను. పై గదులు వణకునప్పుడు నిమిషమునకు కొన్ని వందల స్పందనలు ఆ ద్వారముపై వచ్చి పడుచుండును. ద్వారము కొన్నింటిని ఆపి, కొన్నింటిని ఒక క్రమము లేక విడిచిపెట్టును. అందుచేతనే నాడి ఒకప్పుడు వడిగా, ఒకప్పుడు నెమ్మదిగా, తాళము లేని పాటవలె నడచును.

ఈ తాళమును కాగితముపై చూపించినవాడు హాలెండు దేశపు లైడెన్ నగరములోని ఐంథోవెన్. ఇరువదవ శతాబ్ది ప్రారంభమున ఆయన నిర్మించిన యంత్రమును నడుపుటకు ఐదుగురు మనుష్యులు కావలసివచ్చెడివారు. రోగి తన రెండు చేతులను, ఒక కాలిని ఉప్పునీటి పాత్రలలో ముంచి కూర్చుండెడివాడు. అంత పెద్ద యంత్రమును ఆసుపత్రికి కొనిపోవుట సాధ్యము కానందున, 1905లో ఐంథోవెన్ ఆసుపత్రి నుండి తన ప్రయోగశాలకు టెలిఫోను తీగ మీదుగా గుండె స్పందనను రప్పించెను. దూరము నుండి వచ్చు శబ్దముతో జీవించు మా వంటి వారికి ఈ కథ ఎంతయో ప్రీతికరము. ఆయనకు 1924లో నోబెల్ బహుమానము లభించెను.

ఇక మందు సంగతి. పెద్దమ్మ మాత్రకు మూలము ఐరోపాలో కంచెల వెంట పెరుగు ఫాక్స్‌గ్లోవ్ అను ఊదారంగు పూల మొక్క. దీని శాస్త్రనామము డిజిటాలిస్. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగర వైద్యుడు విలియం విదరింగ్ దృష్టికి 1775లో ఒక నాటుమందు వచ్చెను. శరీరము ఉబ్బి నీరు పట్టినవారికి ష్రాప్‌షైర్ ప్రాంతములో ఒక వృద్ధురాలు రహస్యముగా ఇచ్చుచున్న మందది. అందులో ఇరువది రకముల మూలికలు ఉన్నప్పటికిని, పనిచేయునది ఈ ఒక్కటియే యని ఆయన గ్రహించెను. పిమ్మట పదియేండ్లు ఓపికతో పరిశీలించి, నయమైనవారిని, నయముగానివారిని గూడ దాచక వ్రాసి, 1785లో గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రంథములో మందు మితిమీరినచో ఏమి జరుగునో ఒక పట్టిక కలదు: వికారము, వాంతి, తలతిరుగుట, వస్తువులు పచ్చగాను పసుపుగాను కనబడుట, నాడి నిమిషమునకు 35 వరకు దిగజారుట, మూర్ఛ, తుదకు మరణము.

పెద్దమ్మ ఇల్లు చేరిన తరువాత మేము ఈ సంగతి చదివి నిర్ఘాంతపోయితిమి. రెండు శతాబ్దములకు పూర్వమే ఒక వైద్యుడు మా యింటి పసుపు గోడను గూర్చి వ్రాసియుంచెను. ఆ విషయము ఎరిగియున్నచో మేము నవ్వియుండము.

డిజాక్సిన్ అను శుద్ధమైన పదార్థమును ఈ జాతి మొక్క నుండియే 1930లో సిడ్నీ స్మిత్ వేరుచేసెను. ఇది పై గదుల వణకును ఆపదు. మధ్యనున్న ద్వారమును కొంత బిగించి, క్రిందికి దిగు స్పందనల సంఖ్యను తగ్గించును. కాని దీనికి మేలుచేయు మోతాదునకును, కీడుచేయు మోతాదునకును నడుమ దూరము స్వల్పము. మూత్రపిండములు బలహీనపడినను, నీరుమాత్ర వలననో విరేచనముల వలననో దేహములో పొటాషియము తగ్గినను, నిన్నటి సరియైన మోతాదే నేడు విషము కావచ్చును.

ఇట్టి పదార్థములు ఐరోపా మొక్కలలోనే యున్నవని తలపవలదు. మన వీధులలో కంచెగా నాటు పచ్చగన్నేరులో ఇదే జాతి విషములు కలవు. దానిచే ప్రాణము మీదికి తెచ్చుకొన్నవారిని దక్షిణ భారతమునందును, శ్రీలంకయందును ఆసుపత్రులు తరచుగా చూచుచున్నవి. డిజాక్సిన్‌కు విరుగుడుగా తయారైన మందు ఈ గన్నేరు విషమునకు సైతము పనిచేయునని శ్రీలంకలో జరిగిన ఒక పరిశోధన 2000వ సంవత్సరములో వెల్లడించినది. ఆకు పసరని, గింజ గంధమని ఎవరేమి చెప్పినను ఆ చెట్టును మందుగా వాడరాదు. పిల్లలున్న యింట దాని కాయలను చేతికి అందనీయరాదు.

రెండవ మందు కథ చలిజ్వరపు మందుతో మొదలగును. 1912లో వెంకెబాఖ్ అను ప్రసిద్ధ వైద్యుని వద్దకు ఒక డచ్చి వర్తకుడు నాడి తప్పినదని వచ్చెను. దీనికి మందు లేదని వైద్యుడు చెప్పగా, తన నాడిని తానే సరిచేసికొందునని ఆ వర్తకుడు పలికి, మరునాడు సరియైన నాడితో తిరిగివచ్చెను. మలేరియా ప్రాంతములలో సంచరించిన అలవాటు చొప్పున అతడు వేసికొన్నది క్వినైన్! వెంకెబాఖ్ గర్వపడక ఆ సంగతిని 1914లో వ్రాసెను. 1918లో బెర్లిన్‌లోని ఫ్రై, సింకోనా బెరడులోని పదార్థములలో క్వినిడిన్ అనునది అన్నింటికంటె ఎక్కువ పనిచేయునని కనుగొనెను. అయితే ఈ క్వినిడిన్ వాడినవారిలో కొందరు ఉన్నట్టుండి మూర్ఛపోవుట, కొందరు మరణించుట వైద్యులు గమనించిరి. లయను సరిచేయు మందే కొందరిలో అంతకంటె ఘోరమైన అపలయను పుట్టించుచున్నది.

ఈ హెచ్చరికను లోకము పూర్తిగా తలకెక్కించుకొనుటకు చాలకాలము పట్టినది. ఇచ్చట శ్రోతలు కొంచెము శ్రద్ధగా వినవలయును. గుండెపోటు వచ్చి బ్రతికినవారిలో కొందరికి గుండె క్రింది గదుల నుండి అదనపు దెబ్బలు పడుచుండును. ఇట్లు పడువారికి ఆకస్మిక మరణము ఎక్కువ. కావున ఆ అదనపు దెబ్బలను మందుతో అణచినచో మరణము తగ్గునని వైద్యలోకము తలచినది. ఇంతకంటె సహజమైన ఆలోచన ఏమున్నది? ఆ మందులు అమెరికాలో విరివిగా వాడబడినవి. ఈ నమ్మకమును పరీక్షించుటకు 1980ల చివర అచ్చట కాస్ట్ అను పరిశోధన జరిగినది. మందుచే అదనపు దెబ్బలు నిజముగా అణగినవారినే అందులో చేర్చుకొనిరి. 755 మందికి ఎన్‌కైనైడ్ గాని ఫ్లెకైనైడ్ గాని ఇచ్చిరి. 743 మందికి మందు లేని ఉత్తమాత్ర ఇచ్చిరి. ఎవరికి ఏది యిచ్చుచున్నారో రోగికి గాని వైద్యునికి గాని తెలియదు. సగటున పది నెలలు గడచునప్పటికి ఉత్తమాత్ర వేసికొన్నవారిలో 26 మంది మరణించిరి. మందు వేసికొన్నవారిలో మరణించినవారు 63 మంది. 1989లో ఆ మందులను పరిశోధన నుండి వెంటనే నిలిపివేసిరి.

నాడి చక్కబడినది, మనిషి పోయినాడు. ఎందుచేత? గుండెపోటు వలన కండరములో మచ్చ యేర్పడును. విద్యుత్ స్పందన ఆ మచ్చను చుట్టుకొని పోవలసియుండును. ఈ మందులు స్పందన వేగమును తగ్గించును.   నెమ్మదించిన స్పందన మచ్చచుట్టు తిరిగి తిరిగి ప్రాణాంతకమైన అపలయగా మారునని శాస్త్రజ్ఞుల వివరణము. ఫ్లెకైనైడ్ నేటికిని వాడుకలోనే యున్నది. గుండె కండరమునకు దెబ్బ తగులనివారికి మాత్రము, చూచి చూచి ఇత్తురు. కాబట్టి ఈ కథ విని ఎవరును తమ మాత్రను తామే మానరాదు.

దీనికి సరిజోడైన మరియొక కథ కలదు. జేమ్స్ బ్లాక్ నాయకత్వమున 1964లో వెలువడిన ప్రొప్రనలోల్ అను మందు గుండెను భయము, ఆవేశము మొదలగువాని తాకిడి నుండి కాపాడి నెమ్మదింపజేయును. గుండెపోటు వచ్చిన 3,837 మందిపై అమెరికాలో జరిగి 1981లో ముగిసిన పరీక్షలో, ఉత్తమాత్ర వేసికొన్నవారిలో నూటికి 9.8 మంది మరణించగా, ఈ మందు వేసికొన్నవారిలో 7.2 మంది మరణించిరి. బ్లాక్‌కు 1988లో నోబెల్ బహుమానము వచ్చెను. ఈ రెండు పరీక్షలును చెప్పు నీతి యొక్కటియే: మందు ఇ.సి.జి. కాగితమును ఎట్లు మార్చినదని గాక, మనిషిని బ్రతికించినదా లేదా యని చూడవలయును.

ఏట్రియల్ ఫిబ్రిలేషన్ విషయములో గూడ ఇట్టి వినయమే అలవడినది. లయనే సరిచేయుటయా, లయ ఎట్లున్నను వేగమును తగ్గించి ఊరకుండుటయా యని 4,060 మందిపై జరిగిన పరిశోధన 2002లో వెలువడినది. లయను సరిచేయుటచే ఆయువు పెరుగలేదని తేలినది. 2020లో వెలువడిన మరియొక పరిశోధన మాత్రము, వ్యాధి క్రొత్తగా కనబడిన తొలి సంవత్సరములోనే లయను చక్కదిద్దుటకు పూనుకొన్నచో మేలు కలదని చెప్పినది. మందులే గాక, సన్నని గొట్టమును రక్తనాళము ద్వారా గుండెలోనికి పంపి, అపలయ పుట్టు చోటును వేడిచే మాడ్చు చికిత్స నేడు వాడుకలోనున్నది. కావున మీ పొరుగింటివారి వైద్యము మీ వైద్యము కానక్కరలేదు.

ఈ వ్యాధిలో అసలు భయము దడ కాదు. వణకు గదిలో రక్తము నిలిచి గడ్డకట్టును. ఆ గడ్డ మెదడునకు పోయినచో పక్షవాతము వచ్చును. ఈ వ్యాధి లేనివారితో పోల్చగా ఈ ప్రమాదము సుమారు ఐదురెట్లు. అందుచేత రక్తము గడ్డకట్టకుండ మందు ఇత్తురు. మన దేశములో ఈ విషయమునకు ఒక ప్రత్యేకత కలదు. చిన్నతనమున గొంతునొప్పి వెంట వచ్చు కీళ్లజ్వరము కొందరి గుండె కవాటమును చెడగొట్టును. అట్టివారికి ముప్పది నలువది యేండ్లకే, ముఖ్యముగా స్త్రీలకు, ఈ అపలయ దాపురించును. వీరికి పాతమందైన వార్ఫరిన్ జాతియే క్రొత్తమందు కంటె మేలని 2022లో వెలువడిన ఇన్విక్టస్ పరిశోధన నిర్ణయించినది. వార్ఫరిన్ వేసికొనువారు రక్తపరీక్ష తప్పనీయరాదు. పాలకూర, తోటకూర బొత్తిగా మానవలసిన పనిలేదు గాని, ఒక వారము దినదినమును, ఒక వారము అసలే లేకుండను తినరాదు. నొప్పిమాత్రలు అడుగక వేసికొనరాదు.

ఇక మా యింట ఇప్పుడు పాటించుచున్న పద్ధతులు చెప్పి ముగింతుము. పెద్దమ్మ మాత్రలన్నియు ఒక కాగితముపై వ్రాసి, గోడ కాలెండరు ప్రక్కన తగిలించితిమి. కంటివైద్యుని వద్దకు పోయినను, పంటివైద్యుని వద్దకు పోయినను ఆ కాగితము వెంట పోవును. ఏలయన కొన్ని మందులు డిజాక్సిన్ బలమును రెట్టింపు చేయగలవు. ఒకనాడు మాత్ర మరచినచో మరునాడు రెండు వేయము. ఉదయము వార్తలకు ముందు, ఇంటిలో నొకరము ఆమె మణికట్టు పట్టుకొని నిండు నిమిషము నాడి లెక్కింతుము. పదునైదు సెకనులు లెక్కించి నాలుగింతలు చేయుట లయ తప్పిన నాడికి చాలదు. సంఖ్య 60 కంటె తగ్గినను, అన్నము సహింపకున్నను, కంటికి రంగు మారినను వైద్యునికి చెప్పుదుము. మూర్ఛ వచ్చినను, రొమ్ములో నొప్పి వచ్చినను, మూతి వంకరపోయినను, మాట తడబడినను ఒక్క గడియయైనను ఆలస్యము చేయక ఆసుపత్రికి పోవలయునని చిన్నపిల్లలకు సైతము నేర్పితిమి.

మొన్నటి సంక్రాంతికి గోడకు మరల సున్నము కొట్టించితిమి. పని ముగిసిన పిమ్మట మేము పెద్దమ్మను పిలిచి “గోడ ఏ రంగున ఉన్నది?” అని యడిగితిమి. ఆమె మా వంక కోపముగా చూచి, “తెల్లగా ఉంది. మీకు కనబడటం లేదా?” అన్నది. ఈ పర్యాయము ఆమె నవ్వినది, మేము నాడి లెక్కించితిమి.